నిప్పుబంతుల సాము

దీపావళినాటి సంధ్యవేళ గోగుకాడల కొనలకు నూనెగుడ్డలు కట్టి, వెలిగించి, వీధివాకిట నిలబడి దివిటీలు కొట్టడం మనలో చాలమంది చిన్నతనంలో చేసిన పనే. పెద్దలు ఆ దివిటీని నేలకు కొట్టమంటే, పిల్లలు పెద్దల కన్నుగప్పి దానిని గాలిలో గుండ్రంగా త్రిప్పేవారు. అట్లా త్రిప్పినప్పుడు నిప్పు ఒకచోట వున్నట్లు కనిపించదు. ఒక చక్రం కనిపిస్తుంది. మన పూర్వులు దీనికి అలాతచక్రమని పేరు పెట్టినారు. అలాతమంటే కొరివి. గౌడపాదాచార్యులవారు మాండూక్యకారికలలో ఈ కొరివినే దృష్టాంతంగా తీసుకొన్నారు. అందలి నాలుగవ ప్రకరణానికి అలాతశాంతి అనే పేరు. కొరివి కదిలినంతసేపు గీతలూ వంకరలూ కనిపిస్తవి, ఆగితే అవి యెక్కడికీ పోవు, ఎక్కడినుంచీ రాలేదు అని అక్కడి విచారం. వేదాంతం నా శక్తికి మించినది. నేను చెప్పబోయేది కొరివిని త్రిప్పే చేతిని గూర్చి.

నిప్పు త్రిప్పుతూ నృత్యం చేయడాన్ని ఈనాడు పెక్కు దేశాలలో వేడుకగానే గాక వ్యాయామంగా కూడ నేర్చుకొంటున్నారు. త్రాళ్ల కొనలకు వ్రేలాడే బంతులు, రెండు కొనలకూ వత్తులు చుట్టిన కర్రలు, నడుముకు త్రిప్పుకొనే చక్రాలు, ఇవి అందుకు సాధనాలు. ఈ మాట వినగానే గృహస్థులకు రెండు ఆక్షేపణలు తోస్తవి. ఇది సర్కసువారి విద్య అనేది మొదటిది. ఇది ప్రాణం మీదికి తెచ్చే విద్య అనేది రెండవది. మొదటిది నిజం కాదు. రెండవది కొంత నిజమే. ఆ కొంత ఎంత అన్నదే ఈ ప్రసంగంలోని ముఖ్య విషయం.

నాకు అరవైయవ ఏట కుడిభుజం పట్టుకొన్నది. జడ వేసుకోవాలంటే చేయి వెనుకకు పోదు. అటకమీది డబ్బా అందుకోవాలంటే మరొకరిని పిలవాలి. ఆ రోజులలోనే ఆక్లండు నగరంలో వుంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లి ఆరు నెలలు వున్నాను. వారి ఇంటికి ఎదురుగా ఒక పచ్చికబయలు. ఆదివారం ఉదయం అక్కడ నావయసు స్త్రీలు కొందరు రెండు చేతులా రెండు త్రాళ్లు పట్టుకొని, వాటి చివర మెత్తని బంతులు త్రిప్పుతూ అడుగులు వేసేవారు. వాటిని పోయి అంటారని అమ్మాయి చెప్పినది. “పోయి ఏమిటే, ఎక్కడికి పోయి?” అన్నాను. మన చెవికి ఆ మాట అట్లాగే వినిపిస్తుంది గదా!

మావోరీ భాషలో పోయి అంటే బంతి. మావోరీలు న్యూజిలాండు మూలవాసులు. పూర్వం రౌపో అనే మొక్క ఆకులను బంతిగా చుట్టి, హరకేకే అనే నారమొక్క పీచుతో త్రాడు పేనేవారు. రౌపో మన చెరువులలో పెరిగే జమ్ము జాతిదే. స్త్రీలు వరుసగా నిలబడి పాడుతూ బంతులు త్రిప్పుతారు. బంతి చేతికి తగిలి తిరిగి వెళ్లే ప్రతిసారీ ఒక చిన్న చప్పుడు. ఆ చప్పుడే పాటకు తాళం. పురుషులు మణికట్టుకు చురుకుదనం రావడానికి, ఆయుధాలు త్రిప్పే నేర్పు కలగడానికి దీనిని అభ్యసించేవారని చెబుతారు. 1972లో మొదలై రెండేండ్లకొకసారి జరిగే తె మటటిని అనే జాతీయోత్సవంలో ఈనాటికీ ఈ విద్యను చూడవచ్చును. ఇందులో ఎక్కడా నిప్పు లేదు. నిప్పు తరువాతివారు చేర్చినది. అందుచేత నిప్పుబంతులను చూపి ఇది మావోరీల ప్రాచీనాచారమనడం సరికాదు.

సమోవా దీవుల కత్తినృత్యం సంగతి కూడ ఇట్లాంటిదే. అక్కడి యోధులు యుద్ధానికి ముందు నిఫో ఓటి అనే కొక్కెపు కత్తిని త్రిప్పి తమ నేర్పు చూపేవారు. ఆ కత్తికి నిప్పు తగిలించినది 1946లో, అదిన్నీ సమోవాలో గాక అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో. ఫ్రెడీ లెటూలీ అనే సమోవా నర్తకుడు అక్కడ ప్రదర్శన ఇస్తూ, నిప్పు మ్రింగే ఒక హిందూ ప్రదర్శకుణ్ణి, వెలిగించిన కర్రను త్రిప్పే ఒక చిన్న బాలికను చూచినాడట. హిందూ ప్రదర్శకుని దగ్గర కొంచెం ఇంధనం అడిగి పుచ్చుకొని, తన కత్తికి తువ్వాళ్లు చుట్టి వెలిగించినాడు. 1993 నుంచి హవాయి దీవులలోని లాయీ గ్రామంలో ఈ కత్తినృత్యానికి ప్రపంచపు పోటీలు ప్రారంభమైనవి. పసిఫిక్ మహాసముద్రపు విద్యకు నిప్పు అందించిన చేయి మనవైపుదని వింటే ముచ్చట వేస్తుంది.

మనవైపు నుంచి పోయినది ఇదొక్కటే కాదు. తాలింఖానాలలో చెక్క ముద్గరాలు త్రిప్పడం చూచి, 19వ శతాబ్దంలో ఇంగ్లీషువారు ఆ వ్యాయామాన్ని తమ దేశానికి తీసుకొని పోయినారు. అక్కడినుంచి అమెరికాకు ప్రాకినది. ఇండియన్ క్లబ్బులనే పేరు నిలిచినది. 1904లోను 1932లోను ఒలింపిక్ క్రీడలలో ముద్గరాలు త్రిప్పడం ఒక పోటీగా కూడ వున్నది. 1932లో లాస్ ఏంజిలీసులో బంగారు పతకం గెలిచిన జార్జి రాత్ అప్పుడు ఉద్యోగం లేక వున్నవాడు. పతకం అందుకొని, దారిన పోయే కార్లను ఆపి అడిగి ఇల్లు చేరినాడట. ముద్గరానికి, పోయికి శరీరంపై జరిగే పని ఇంచుమించు ఒకటే. భేదం ఏమంటే ముద్గరం బిగువుగా చేతిలో వుంటుంది. పోయి త్రాటి చివర వుంటుంది గనుక బలవంతం చేస్తే మాట వినదు. దాని లయను మనమే అనుసరించాలి.

చిన్న బంతికి ఏమి వ్యాయామం వుంటుందని సందేహం రావచ్చును. ఒక లెక్క చూడండి. బంతి బరువు 200 గ్రాములు, త్రాటి పొడవు 60 సెంటీమీటర్లు అనుకొందాం. రెండు సెకండ్లకు మూడు చుట్ల చొప్పున త్రిప్పితే ఆ బంతి చేతిని బయటికి లాగే బలం ఒక కిలోగ్రాము బరువుకు పైగా వుంటుంది. సెకండుకు రెండు చుట్లు త్రిప్పితే అదే బంతి ఇంచుమించు రెండు కిలోగ్రాముల బరువుగా లాగుతుంది. వేగం స్వల్పంగా పెరిగితే లాగుడు దాని వర్గం చొప్పున పెరుగుతుంది. పైగా ఆ లాగుడు ఒకవైపు వుండదు. క్షణక్షణం దిక్కు మారుతూ వుంటుంది. ఆ మార్పునంతా భుజపు కీలు చుట్టూ వున్న చిన్న కండరాలు సర్దుకోవాలి. రెండు చేతులా రెండు బంతులు రెండు వేరు వేళలలో లాగుతూ వుంటే నడుము, తొడలు, పాదాలు తూకం నిలుపుకోవాలి. చేతుల వ్యాయామమని మొదలుపెట్టిన నాకు మొదటి వారంలో నొప్పి పుట్టినది పిక్కలలో!

ఆక్లండు విశ్వవిద్యాలయంలో ఈ విషయమై పరీక్ష జరిపి, 2010 దశాబ్దపు చివర ఫలితాలు ప్రకటించినారు. అరవై దాటిన ఆరోగ్యవంతులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పోయి, మరొక జట్టుకు చీనాదేశపు తాయిచీ ఒక నెలపాటు నేర్పినారు. నిలకడ, పిడికిలి పట్టు, రెండు చేతులూ కలిసి పనిచేసే నేర్పు రెండు జట్లలోనూ మెరుగుపడినవి. ఒక జట్టు మరొక జట్టును మించలేదు. పోయి సర్వరోగ నివారిణి అని దీని అర్థం కాదు; ఎప్పటినుంచో మంచి పేరున్న ఒక వ్యాయామానికి తీసిపోలేదని మాత్రమే. నా భుజం కూడ కుదిరినది. పట్టుకొన్న భుజం కాలక్రమంలో దానంతట అదే సడలడం కద్దు గనుక, ఈ బంతుల వల్లనే కుదిరినదని ప్రమాణం చేయను. వైద్యుని అనుమతి తీసుకొనే మొదలుపెట్టినానని మాత్రం చెప్పాలి. వడిగా నడిచే నడకకు ఇది బదులు కాదు. గుండెకు, కాళ్లకు నడక నడకే.

మొదలుపెట్టడానికి ఖర్చు లేదు. పొడవైన మేజోళ్లు ఒక జత తీసుకొని, ఒక్కొక్కదానిలో గుప్పెడు బియ్యం చిన్న సంచిలో కట్టి వేసి, ముడి వేయండి. వ్రేళ్ల కొననుంచి చంకవరకు ఎంత దూరమో అంత పొడవు సరిపోతుంది. కుడిప్రక్కన ఒక గోడ, ఎడమప్రక్కన ఒక గోడ వున్నట్లు భావించుకొని, వాటి నడుమ నిలబడి, బంతి గోడను తాకకుండ ముందుకు త్రిప్పాలి. ఇది తేలిక అనిపిస్తుంది గాని, మొదటి రోజున బంతి నాలుగు దిక్కులకూ పోతుంది. మోచేయి ఒంటికి దగ్గరగా వుంచి మణికట్టుతో త్రిప్పితే కొంత దారికి వస్తుంది. రెండు చేతులూ ఒకే వేళకు, తరువాత ఒకదాని వెనుక ఒకటి, ఆ తరువాత వెనుకకు. పిమ్మట కుడిచేతి బంతి ఎడమప్రక్కకు, ఎడమచేతి బంతి కుడిప్రక్కకు దాటి వచ్చే అల్లిక. ఇక్కడ అందరమూ చిక్కుపడతాము. చేయి శరీరపు నడిమిగీతను దాటవలసి వచ్చినప్పుడు బుద్ధి ఒక క్షణం తికమకపడుతుంది. నాకు ఈ అల్లిక పందొమ్మిది రోజులకు వచ్చినది. మా మనుమరాలికి ఒక పూటలో వచ్చినది. నుదుటికి, చెవికి తగిలిన దెబ్బలు లెక్కపెట్టలేదు. బియ్యపు సంచి గనుక సరిపోయినది.

పూటకు పది నిమిషాలు చాలును. ఇంతవరకు చెప్పిన ప్రయోజనమంతా ఈ మేజోళ్లలోనే వున్నది. నిప్పు వెలిగించినంత మాత్రాన కండరానికి అదనంగా చేకూరేది ఏమీ లేదు. చేకూరేది ఏకాగ్రత. చెవిప్రక్కన మంట గుర్రుమని చప్పుడు చేస్తూ పోతుంటే మనస్సు మరొక చోటికి పోదు. ఆ ఏకాగ్రతకు వెల ఏమిటో తెలిసినవారే దానిని కోరాలి.

మా పిన్ని చీరకు ఒక దీపావళినాడు ప్రమిద అంటుకొన్నది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. నైలాను చీర. గుడ్డ కాలడం కాదు, కరగి ఒంటికి పట్టుకొన్నది. ఆమె బ్రతికినది గాని, ఆ తరువాత ఎన్నడూ దీపాల వరుస దగ్గర నిలబడలేదు. మనదేశంలో ఏటా పదిలక్షలకు పైగా మనుష్యులు కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అంచనా. వీరిలో స్త్రీలే అధికమని వేరుగా చెప్పనక్కరలేదు. అందుచేత నిప్పుతో ఆటలాడే మాట నేను తేలికగా చెప్పడం లేదు.

మొదట వత్తిని గూర్చి. నిప్పుబంతికి వాడేది నూలుగుడ్డ కాదు. కెవ్లారు అనే కృత్రిమపు పీచుతో నేసిన పట్టీ. 1965లో అమెరికాలో స్టెఫనీ క్వోలెక్ అనే శాస్త్రజ్ఞురాలు కనుగొన్న పదార్థమిది. ఇది కరగదు. మండేది పట్టీ కాదు, దానినుంచి లేచే ఇంధనపు ఆవిరి. లాంతరు వత్తి ఎన్ని రాత్రులు వెలిగినా బూడిద కాకపోవడానికి కారణం ఇదే: తడి వున్నంతసేపు ఆవిరి పుట్టడంలోనే వేడి ఖర్చవుతుంది. తడి ఆరిన తరువాత వత్తి మాడడం మొదలుపెడుతుంది. కనుక మంట తగ్గుముఖం పట్టగానే ఆర్పివేయాలి గాని, దానంతట అది ఆరేవరకు వుంచరాదు. వత్తిని పట్టి వుంచే గొలుసు, కొక్కెము ఆర్పిన తరువాత కూడ చాలసేపు కాలుతూ వుంటవి.

ఇంధనం సంగతి ఇంతకన్న ముఖ్యం. కిరసనాయిలు ఆవిరి అంటుకోవాలంటే దాని వేడిమి 35 డిగ్రీలకు పైబడాలి. పెట్రోలు ఆవిరి సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో కూడ అంటుకొంటుంది. అంటే కిరసనాయిలు వత్తిలో మండుతుంది. పెట్రోలు వత్తిలోను, సీసా మూతిలోను, వాటి నడుమనున్న గాలిలోను ఒక్కసారే మండుతుంది. మన మే మాసపు ఎండ 45 డిగ్రీలు తాకే చోట కిరసనాయిలును కూడ నమ్మరాదు. ముంచిన వత్తిని మూతవున్న డబ్బాలో బాగా విదిలించి, ఆ డబ్బాకు మూతపెట్టి, గాలి వీచే వైపున దూరంగా పెట్టిన తరువాతనే అగ్గిపుల్ల గీయాలి. విదిలించకపోతే మొదటి చుట్టులోనే నిప్పుచుక్కలు చూచేవారిమీద పడతవి. ఇంధనం నోటపట్టి మంట ఊదే విద్య వేరు. దాని జోలికి పోనేవద్దు. ఒక్క చుక్క ఊపిరితిత్తులలోకి దిగితే న్యుమోనియా వంటి జబ్బు చేస్తుంది.

బట్టలు నూలువి, ఒంటికి అంటిపెట్టుకొని వుండేవి కావాలి. పైట, ఉత్తరీయం, వ్రేలాడే చేతులు పనికిరావు. చీరతో ఈ పని చేయరాదని నిర్మొగమాటంగా చెబుతున్నాను. జుట్టు ముడివేసి తడిగుడ్డ కట్టుకోవాలి. చోటు ఇసుకనేల గాని, మట్టినేల గాని కావాలి. ఎండుగడ్డి, పందిరి, బట్టలు ఆరవేసిన మేడ పనికిరావు. వీటన్నిటికన్న ముఖ్యం రెండవ మనిషి. పెద్ద నూలు తువ్వాలు తడిపి చేతబట్టుకొని, నృత్యాన్ని గాక మంటను చూస్తూ నిలబడే మనిషి ఒకరు వుండి తీరాలి. అనుభవమున్న బృందాలలో ఆ పనిని నృత్యంతో సమానంగా నేర్పుతారు. బట్ట అంటుకొంటే పరుగెత్తరాదు. నేలమీద పడి దొర్లాలి. కాలినచోట చల్లని కుళాయి నీరు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. సిరా, పసుపు, మంచుగడ్డ, పళ్లపొడి ఏవీ వద్దు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఒకటి వున్నది. నేను తిరిగి వచ్చిన ఏడాది దీపావళికి మా చెల్లెలి కొడుకు నా బంతులను చూచి ముచ్చటపడి, మేజోళ్లతో రెండు రోజులు త్రిప్పి, మూడవనాడు నిప్పు కావాలన్నాడు. ఇప్పుడు మన ఊళ్లలో కిరసనాయిలు దొరకడం గగనమైనది. వాడు స్కూటరులోనుంచి మంచినీళ్ల సీసాలోకి పెట్రోలు తీసుకొని మేడమీదికి వచ్చినాడు. చేతిలో నూనెవత్తి కోసం చింపిన పాత పంచె. ఇరవైరెండేళ్ల వయసు, ఇంజనీరింగు చదువు. “పెద్దమ్మా, రెండూ నూనెలే గదా!” అన్నాడు. సీసా పుచ్చుకొని క్రిందికి తీసుకొని పోయినాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాడు చేయబోయినది కేవలం అవివేకమనలేను. అడిగితే చెప్పేవారు దగ్గర లేనప్పుడు కుర్రవారు ఉన్నదానితో సర్దుకొంటారు. మన కర్రసాము గురువులు ఉత్సవాలనాడు కొనలకు మంట పెట్టి త్రిప్పేవారంటే, వారి వెనుక ఏండ్ల తరబడి వట్టికర్ర సాధన వున్నది. ఆ సాధన కంటికి కనబడదు. మంట మాత్రమే కనబడుతుంది.

నేను నిప్పు ఒక్కసారే వెలిగించినాను. ఆక్లండు విడిచి రావడానికి ముందు వారంలో, గాలిలేని ఒక సాయంకాలం, సముద్రపు ఒడ్డున, నాకు నేర్పిన వారి సమక్షంలో. అమ్మాయి బిగుతైన నూలుచొక్కా తెచ్చి ఇచ్చినది. నలభై ఏండ్లలో మొదటిసారి చీర విడిచి బయటికి వచ్చినాను. ఆమె తడితువ్వాలు పట్టుకొని నిలబడినది. ఆమె ముఖం చూస్తే నాకన్న ఆమెకే ఎక్కువ భయమని తెలిసినది. మేజోళ్లతో వెయ్యిసార్లు చేసిన అల్లికను చేయడానికి ధైర్యం చాలలేదు. ప్రక్కచుట్లు మాత్రం త్రిప్పినాను. కొంతసేపటికి పిన్ని జ్ఞాపకం వచ్చినది. ఆపమన్నాను. అమ్మాయి రెండడుగులలో వచ్చి తువ్వాలు కప్పినది. నిమిషంన్నర అయినదట. నాకు పదినిమిషాలనిపించినది.

ఆ బంతులు ఇప్పుడు పెట్టెలో వున్నవి. మేజోళ్లు మాత్రం తలుపు వెనుక మేకుకు వ్రేలాడుతున్నవి. రోజూ ఉదయం కాఫీకి ముందు పది నిమిషాలు. పొరుగింటి ఆవిడ కూడ ఈమధ్య మొదలుపెట్టినారు. బియ్యం దండగ గదా, ఇసుక పోయరాదా అని అడిగినారు. ఇసుక బరువెక్కువ, చెవికి తగిలితే మీరే తెలుసుకొంటారు, పెసలు పోసుకోండి అని చెప్పినాను.